కదలకపోతే నొప్పి లేనట్టేనా?

పోయిన పుష్యమాసంలో ఆలూరు వెళ్ళినప్పుడు మా మేనత్త గొర్రె ఒకటి ఈనలేక రాత్రంతా అవస్థ పడింది. తెల్లవారుజామున లేచి చూస్తే అత్త గొంగడి కప్పుకుని దొడ్లో దాని తల దగ్గర కూర్చుని ఉంది. ఉమ్మనీరు పోయి చాలాసేపయిందట. పిల్ల బయటికి రావడం లేదు. గొర్రె మాత్రం అరవడం లేదు. తల నేలకానించి, చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు కొరుకుతూ పడుకుని ఉంది.

“అరవట్లేదు కదత్తా, ఇంకా టైముందేమో” అన్నాను.

అత్త నా వైపు చూడకుండానే చెప్పింది. “అరిచేదానికి ఏం గాదు పాపా. అరవకుండా పండ్లు కొరుకుతాంటే, దానికే భయపడాల.”

నా పీహెచ్‌డీ తెలుగు కథల్లో స్త్రీల మౌనం మీద. మౌనాన్ని ధిక్కారంగా, భాషగా, ఆయుధంగా చదవడం నేర్చుకున్నాను. సెమినార్లలో అదే చెప్పాను. పాఠంలోని ఖాళీల గురించి ఎన్ని పేజీలు రాశానో! కళ్ళ ముందు ఒక ప్రాణి ఊరుకుని ఉంటే మాత్రం దానికి పెద్దగా నొప్పి లేదనుకున్నాను. అందరూ అనుకునేదే నేనూ అనుకున్నాను. అలా అనుకునే హక్కు నాకు అసలు లేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

సుగ్గికి పోయిన కొడుకూ కోడలూ గుంటూరు వైపు మిరప కోతల్లో ఉన్నారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆటోలో వేసుకుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ నాకంటే చిన్నది, తిరుపతిలో చదివిందట. చెయ్యి పెట్టి చూసి, గర్భాశయ ముఖం తెరుచుకోలేదని, కోసి తియ్యాలని చెప్పింది. గొర్రెను కుడిపక్కకు పడుకోబెట్టాం. ఎడమ డొక్క మీద బొచ్చు గొరిగి, కోసే చోట లిగ్నోకెయిన్ సూదులు వరసగా వేసింది. ముందుకాళ్ళు నేను పట్టుకున్నాను. తల అత్త ఒళ్ళో ఉంది.

కోసినప్పుడు గొర్రె కదల్లేదు. గర్భసంచిని బయటికి లాగినప్పుడు మాత్రం ఒళ్ళంతా బిగబట్టి గట్టిగా అరిచింది. నా చేతులు వణికాయి. “డాక్టర్ గారూ, దీనికి పూర్తిగా మత్తివ్వకూడదా? కదలకుండా ఉండేదానికి మందులు ఉంటాయి కదా” అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియలేదు.

ఆమె పని ఆపలేదు. “కదలకుండా ఉండే మందు, నొప్పి లేకుండా చేసే మందు ఒకటి కాదు మేడమ్” అంది. “ఇది అరుస్తోంది కాబట్టి ఎక్కడ నొప్పో నాకు తెలుస్తోంది. అరవకుండా చేస్తే ఎట్ల తెలుస్తుంది?” అంటూనే ఇంకో సూది వేసి కాసేపు ఆగింది.

రెండు పిల్లలు. మొదటిది చనిపోయి ఉంది. రెండోది బతికింది.

* * *

ఆరేళ్ళ కిందట నా కాన్పులో రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. వెన్నులో సూది ఇవ్వడం ప్రమాదమని పూర్తి మత్తు ఇచ్చారు. నిద్రపోయాను. ఆ తర్వాత మెలకువ వచ్చింది.

ముందు ఏదో పళ్ళెంలో ఇనుప వస్తువు పడిన శబ్దం వినిపించింది. ఆ తర్వాత ఎవరో క్యాంటీన్ గురించి మాట్లాడారు. ఆపరేషన్ అయిపోయిందనుకున్నాను. కడుపులో మంట మొదలైనప్పుడు అర్థమైంది, ఇంకా కాలేదని. కళ్ళు తెరవబోతే రెప్పలు లేవలేదు. అరవబోతే గొంతు లేదు. కాలివేలు కదపాలని నా బలమంతా పెట్టాను. వేలు ఎక్కడుందో తెలుస్తోంది, అది నా మాట వినడం లేదు. ఊపిరి కూడా నేను తియ్యడం లేదు, నాలోకి ఎవరో తోస్తున్నారు. “ఆడపిల్ల” అని ఎవరో అన్నారు. నా కూతురి మొదటి ఏడుపు అలా విన్నాను. మళ్ళీ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

విన్న మాటలు తర్వాత చెప్తే ఒకరిద్దరి ముఖాలు మారాయి. అయినా “కల వచ్చుంటుందమ్మా, మత్తులో అట్లానే ఉంటుంది” అన్నారు. బాలింతవు, ఇవన్నీ తలచుకోకూడదని ఇంట్లోవాళ్ళు అన్నారు. డిశ్చార్జి కాగితంలో ఆపరేషన్ సాఫీగా జరిగిందని రాసి ఉంది. వాళ్ళ దృష్టిలో అది అబద్ధం కాదు. నేను కదల్లేదు కదా.

నాకు దొరికిన ఒకే ఒక సాక్ష్యం మందుల బిల్లు. అందులో వెక్యురోనియం, నియోస్టిగ్మిన్, గ్లైకోపైరోలేట్ అని మూడు పేర్లున్నాయి. చదవడం తప్ప ఇంకో పని రాని దాన్ని కాబట్టి వాటినే చదవడం మొదలుపెట్టాను. గొర్రెలు నాకు అక్కడే ఎదురయ్యాయి. గుండె కవాటాలు, ఎముకల అతుకులు, కృత్రిమ కీళ్ళు మనుషుల్లో పెట్టేముందు చాలాసార్లు గొర్రెల్లో పెట్టి చూస్తారు. ఆ ఆపరేషన్లలో కొన్నింటిలోనూ, పెద్ద పశువైద్య ఆస్పత్రుల్లో కంటి ఆపరేషన్లలోనూ ఇవే మందులు గొర్రెకు ఇస్తారు. మనిషికిచ్చే మోతాదులో చిన్న భాగమే దానికి చాలు. నాకు జరిగింది ఏమిటో నాకు వివరంగా చెప్పినవి పశువైద్య వ్యాసాలే.

* * *

ఈ మందుల్ని కండరాల సడలింపు మందులు అంటారు. సడలింపు అన్న మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుంది! బిగుసుకున్న ఒళ్ళు వదులైనట్టు, ఎవరో కాళ్ళు పట్టినట్టు ఉంటుంది. జరిగేది అది కాదు. కండరం కదలాలంటే నరం చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కావాలి, అది కండరం మీద తనకున్న చోట ఆనాలి. వెక్యురోనియం లాంటి మందు ముందే వెళ్ళి ఆ చోట కూర్చుంటుంది. నరం ఎంత చెప్పినా కండరానికి వినపడదు. రెప్ప, నాలుక, ఊపిరి తీసే కండరం అన్నీ ఆగిపోతాయి. కానీ ఆ మందు మెదడులోకి వెళ్ళదు. నొప్పిని మోసే నరాల్ని ముట్టుకోదు. మత్తు వేరేగా ఇవ్వాలి, నొప్పి తగ్గించే మందు వేరేగా ఇవ్వాలి. ఆ రెండూ చాలకపోతే ఏమవుతుందో బయటినుంచి చూసేవాళ్ళకు తెలియదు.

గొర్రె విషయంలో ఇది ఇంకా కష్టం. మామూలుగా అది ఎంత మత్తులో ఉందో రెప్ప తాకి, కంటిగుడ్డు ఎటు తిరిగిందో చూసి, దవడ బిగువు పట్టి చూసి చెప్తారు. సడలింపు మందు ఇచ్చాక ఈ మూడు గుర్తులూ పోతాయి. గుండె వేగం, రక్తపోటు, కన్నీళ్ళు, ఊపిరిలో మత్తువాయువు ఎంత ఉందో చెప్పే యంత్రం, ఇవే మిగులుతాయి. పైగా గొర్రె నెమరువేసే జీవం. పొట్టలోది గొంతులోకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లో పడకుండా గొట్టం వెయ్యాలి, ఊపిరి యంత్రం పెట్టాలి. అవేవీ లేని ఊరి ఆస్పత్రిలో ఆ మందు ముట్టుకోకపోవడమే దయ అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. నిద్రమత్తుకు మామూలుగా వాడే జైలజీన్ కూడా గొర్రె ఊపిరితిత్తుల్లో నీరు చేర్చగలదని, అందుకే చోటు మొద్దుబార్చి కోయడానికే మొగ్గు చూపుతానని అంది.

ఈ మందులు చెడ్డవని నేను అనడం లేదు. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు మత్తుతోపాటు క్యురారే ఇచ్చాక కడుపు, ఛాతీ ఆపరేషన్లు ఎంతో భద్రమయ్యాయి. నా కూతురు బతికి బయటపడింది ఇలాంటి మందుల సాయంతోనే. నా గొడవ మందుతో కాదు. అది తెచ్చిన నిశ్చలతను చూసి అంతా బాగుందని రాసుకునే చూపుతో.

ఆ చూపుకు పెద్ద చరిత్రే ఉంది. క్యురారే దక్షిణ అమెరికా ఆదివాసుల బాణాల విషం. 1814లో చార్లెస్ వాటర్‌టన్ లండన్‌లో ఒక ఆడగాడిదకు దాన్ని ఎక్కించి, ఊపిరి ఆగిపోయాక గొంతు కోసి కొలిమితిత్తితో గాలి ఊదుతూ బతికించారు. విషానికి విరుగుడు తెలియని రోజుల్లో అదొక్కటే దారి, విషం దిగేదాకా ఊపిరి పోస్తూ కూర్చోవడం. వౌరాలియా అని పేరు పెట్టిన ఆ గాడిద 1839 దాకా బతికింది. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ కప్పల మీద ప్రయోగాలు చేసి, ఈ విషం కదలికను చంపుతుంది గానీ స్పృహను చంపదని తేల్చారు. కదలలేని దేహంలో బందీ అయిన చైతన్యం ఎంత భయంకరమో 1864లో ఆయనే రాశారు. అంత తెలిసీ, ప్రయోగశాలల్లో జంతువుల్ని కదలకుండా ఉంచడానికి క్యురారే వాడుతూనే వచ్చారు. బెర్నార్డ్ పరిశోధనకు మొదట్లో ఆధారం ఆయన భార్య ఫానీ మార్టిన్ తెచ్చిన కట్నం. చివరికి ఆమె ఆయన్నుంచి విడిపోయింది. ఆమె, కూతుళ్ళు జంతుహింసకు వ్యతిరేకంగా నిలబడ్డారు.

1876లో బ్రిటన్ చేసిన జంతుహింస చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. క్యురారేను మత్తుమందుగా లెక్కించరాదని. కదలకపోవడం నొప్పి లేకపోవడం కాదని ఒక పార్లమెంటు చట్టంలో రాయాల్సి వచ్చింది! ఆ చట్టం కోసం గట్టిగా పోరాడినవాళ్ళలో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ ఒకరు. రెండేళ్ళ తర్వాత, 1878లో, భర్తల చేతుల్లో దెబ్బలు తినే భార్యల గురించి రాసి, వాళ్ళు విడిగా బతికే హక్కును చట్టంలోకి తెచ్చింది కూడా ఆమే. మన దేశంలో జంతుహింస నివారణ బిల్లును రాజ్యసభ ముందుకు మొదట తెచ్చింది రుక్మిణీదేవి అరండేల్. 1960లో చట్టమైంది. ప్రయోగంలో ఆపరేషన్ చేస్తే, వీలైనంతవరకు నొప్పి తెలియనంత మత్తు ఇవ్వాలని అందులో ఉంది. ఆడవాళ్ళది జాలిగుండె కాబట్టి ఇవి చేశారని అంటారు. నాకలా అనిపించదు. ఊరుకున్న దేహం గురించి వాళ్ళకు తెలుసు కాబట్టి చేశారు.

శాస్త్రం మాత్రం ఇంకా అనుమానపడుతూనే ఉంది. చివరికి స్కాట్ స్మిత్ అనే అమెరికన్ డాక్టరు మత్తు లేకుండా తనకే క్యురారే ఎక్కించుకుని, తనకు అన్నీ తెలిశాయని 1947లో ప్రచురించాక నమ్మారు. అప్పటిదాకా చెప్పిన రోగుల మాట చాలలేదు.

2014లో బ్రిటన్, ఐర్లండ్ దేశాల మత్తు డాక్టర్లు పెద్ద పరిశీలన చేశారు. పూర్తి మత్తులో మెలకువ వచ్చిందని చెప్పినవాళ్ళు సుమారు 19,000 మందికి ఒకరు. సడలింపు మందు వాడినచోట 8,000కు ఒకరు, వాడనిచోట 1,36,000కు ఒకరు. సిజేరియన్లలో 670కి ఒకరు. ఆ చివరి అంకె చూసిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. నాది కల కాదు. ఆ ఏడుపులోనే ఇంకొకటి తట్టింది. ఇది తమంతట తాము చెప్పుకున్నవాళ్ళ లెక్క. గొర్రెల లెక్క ఎవరు చెప్తారు?

* * *

ఇక విరుగుడు సంగతి. నా బిల్లులోని రెండో పేరు నియోస్టిగ్మిన్. దానికి ముందుది ఫైసోస్టిగ్మిన్, పశ్చిమ ఆఫ్రికాలో నేరం మోపిన మనిషి చేత సత్యపరీక్షగా తినిపించే గింజలోనిది. అది క్యురారేకు విరుగుడని 1900లో వియన్నాలో యాకబ్ పాల్ కనిపెట్టారు. 1934లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లోని ఒక బీదల ఆస్పత్రిలో చిన్న ఉద్యోగంలో ఉన్న డాక్టర్ మేరీ వాకర్, కండరాలు సత్తువ కోల్పోయే మయస్థీనియా జబ్బు క్యురారే విషంలా ఉందన్న మాట విని, అయితే దాని విరుగుడు దీనికీ పనిచెయ్యాలి కదా అనుకుంది. ఒక రోగికి ఇచ్చి చూసింది. వాలిన రెప్పలు లేచాయి. మరుసటి ఏడు నియోస్టిగ్మిన్‌తో అదే చూపించింది. ఇంత చేసిన ఆమెకు పెద్ద ఆస్పత్రుల తలుపులు తెరుచుకోలేదు. చెప్పుకోదగ్గ గుర్తింపు 1962లో ఒక బహుమతిగా వచ్చింది.

నియోస్టిగ్మిన్ పనిచేసే తీరు తెలిశాక నా సిద్ధాంత వ్యాసంలో సగం తిరిగి రాయాలనిపించింది. అది సడలింపు మందును తరమదు, కరిగించదు. కండరానికి బలమూ ఇవ్వదు. నరం పంపిన అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు తినేసే ఎంజైమ్ ఒకటుంది, దాన్ని ఆపుతుంది అంతే. ఆ తర్వాత దేహం పంపుకున్న రసాయనమే పోగుపడి, అడ్డు కూర్చున్న మందును పక్కకు నెడుతుంది. ‘గొంతులేనివాళ్ళకు గొంతు ఇచ్చిన రచన’ అని ఎన్ని సమీక్షల్లో రాశానో! ఎవరూ ఎవరికీ గొంతు ఇవ్వరు. ఆ టేబుల్ మీద నా నరాలు అరుస్తూనే ఉన్నాయి. ఆ అరుపు కండరానికి అందలేదు, అంతే. విరుగుడు చేసింది నా అరుపు కరిగిపోకుండా చూడటం.

ఇంకో రెండు సంగతులున్నాయి. పట్టు పూర్తిగా ఉన్నప్పుడు నియోస్టిగ్మిన్ ఎంత ఇచ్చినా లాభం లేదు, కొంత కదలిక తనంతట తాను మొదలయ్యాకే ఇవ్వాలి. ఆ సంగతి గడియారం చూసి చెప్పలేం, దేహాన్నే అడగాలి. గొర్రెకైతే వెనక్కాలి నరం మీద రెండు సెకన్లలో నాలుగుసార్లు సన్నటి విద్యుత్తు తాకిస్తారు. కాలు ఎన్నిసార్లు అదిరింది, నాలుగోసారి మొదటిసారంత బలంగా అదిరిందా అని చూస్తారు. నాలుగోది మొదటిదానిలో పదింట తొమ్మిది వంతులకు చేరితేగాని తేరుకున్నట్టు కాదు. ఈ పద్ధతి 1970 నుంచీ ఉంది. గుండె మరీ నెమ్మదించకుండా అట్రోపిన్‌గానీ గ్లైకోపైరోలేట్‌గానీ తోడు ఇవ్వాలి. అట్రోపిన్ అయితే గొర్రెకు పొట్ట కదలిక మందగించి ఉబ్బరం వస్తుందేమో కనిపెట్టాలి. ఇప్పుడు సుగమ్మాడెక్స్ అనే మందు రోక్యురోనియం, వెక్యురోనియం అణువుల్నే చుట్టేసి తీసుకుపోతుంది. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో అనుమతించారు. అది వచ్చినా అడిగి చూడాల్సిన పని తప్పదు.

రెండోది వరస. ముందు కండరాల సత్తువ తిరిగి రావాలి, ఆ తర్వాతే మత్తు దిగాలి. వరస తప్పితే ప్రాణి మేలుకుంటుంది, కదలలేదు. స్త్రీలను చైతన్యపరచడం గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. మేలుకున్న ఆడదానికి కదలడానికి డబ్బు, చోటు, తోడు ఉన్నాయా అని అంత శ్రద్ధగా అడిగామా? అడగకుండా లేపడం ఎంత క్రూరమో ఆ బల్ల మీద నాకు తెలిసింది.

* * *

గొర్రె అని తెలుగులో అంటే తిట్టు. గొర్రెదాటు అంటాం, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటాం. నోరులేని జీవాలంటాం. ‘నోట్లో నాలుక లేని పిల్ల’ అన్నది మాత్రం కోడలికి మెచ్చుకోలు. గొర్రెను స్త్రీకి ఉపమానం చెయ్యడం నాకిష్టం లేదు. గొర్రె నొప్పి గొర్రెదే. తోడేళ్ళున్న లోకంలో నొప్పిని దాచుకుని బతకడం నేర్చిన జాతి అది. చెవుల వాలు, కళ్ళు ముడవడం, ముక్కు, దవడ చూసి గొర్రె నొప్పిని కొలిచే పద్ధతిని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో ప్రచురించారు. చదువుతుంటే అత్తే గుర్తొచ్చింది. ఆమెకు అది కొలత కాదు. రోజూ చూడటం.

ఆటోలో తిరిగొస్తూ నా ఆపరేషన్ సంగతి అత్తకు మొదటిసారి చెప్పాను. ఆమె ‘కల’ అనలేదు. కాసేపు రోడ్డు పక్క చేలవైపు చూసి అంది. “నాకు పిల్లల్లేకుండా ఆపరేషన్ చేసినప్పుడు అరిస్తిని. ఊరుకో, ఇంత మంది ఊరుకోలేదా అనిరి. ఊరుకుంటి. బాగుండాదని రాసుకుని పంపిచ్చిరి.” ఇంకేం చెప్పలేదు. నలభై ఏళ్ళ నాటి మాట అది. నేనెప్పుడూ అడగలేదు. మౌనం మీద డాక్టరేట్ చేసిన మేనకోడలు ఇంట్లో ఉన్నా ఆమెను అడిగినవాళ్ళు లేరు.

సాయంత్రానికి గొర్రె లేచి నిలబడింది. పిల్ల పాలు కుడిచింది. “ఇంక భయం లేదు కదత్తా” అంటే ఆమె ఒప్పుకోలేదు. లాంతరు పక్కన పెట్టుకుని దొడ్లోనే కూర్చుంది. లేచి నిలబడటం, అరవడం, మెయ్యడం ఇవేవీ ఆమెకు చాలవట. నేనూ దుప్పటి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. బాగా పొద్దుపోయాక గొర్రె దవడ మెల్లగా పక్కకు కదిలింది. ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. పళ్ళు కొరుకుతోందేమోనని నేను ముందుకు వంగాను.

“కాదులే, నెమరేస్తాంది” అంది అత్త. అప్పుడు గొంగడి తీసి దాని మీద కప్పింది.